2013 మస్టాంగ్ జీటీ: వెనక కంట్రోల్ ఆర్మ్‌లు మారిస్తే వీల్ హాప్ పోతదా?

కార్తీక్_ఫ్రిస్కో

అందరికీ నమస్తే. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటం. నా బండి 2013 మస్టాంగ్ జీటీ, 5.0 ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్. సెకండ్ హ్యాండ్‌ల కొన్న. పాత ఓనర్ లోయరింగ్ స్ప్రింగులు వేసిండు, ఫ్యాక్టరీ ఎత్తు కంటే ఒకటింబావు అంగుళం కిందికి ఉంది. షాకర్లు మాత్రం బండితో వచ్చినవే.

సమస్య ఏందంటే, టోల్‌వే ర్యాంప్ మీద గట్టిగ తొక్కి సెకండ్ గేర్‌కు మార్చంగనే వెనక టైర్లు దడదడ ఎగురుతయి, దీన్నే వీల్ హాప్ అంటున్నరు. సీటు కింద ఎవరో సుత్తి పట్టుకొని కొట్టినట్టే ఉంటది. మెల్లగ పోతే ఏం లేదు. పార్కింగ్‌ల రివర్స్ నుంచి ఫస్ట్‌కు వేసినప్పుడు మాత్రం ఒక్కసారి "టక్" మని ఇనిపిస్తది.

ఒక షాపుకు తీస్కపోతే కింద చూసి లిస్టు రాసిచ్చిన్రు: అడ్జస్టబుల్ లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లు, అడ్జస్టబుల్ అప్పర్ ఆర్మ్, దాని మౌంట్, రీలొకేషన్ బ్రాకెట్లు, అడ్జస్టబుల్ ప్యాన్‌హార్డ్ బార్. అన్నిట్ల స్ఫెరికల్ జాయింట్లే (రబ్బరు లేకుండ, మెటల్ గుండు అన్ని దిక్కులా తిరిగేవి). కూలితో కలిపి చిన్న పాత కారు వస్తది ఆ పైసలకు.

ఈ బండిని నేను రోజూ ఆఫీసుకు నడుపుత. శని, ఆదివారాలు మా ఆవిడ, వెనక సీట్ల మా పాప. ఎండలు తగ్గినంక క్రెసన్‌ల మోటార్‌స్పోర్ట్ ర్యాంచ్‌కు ట్రాక్ డేకు (రేసు ట్రాక్ మీద మన బండి నడుపుకునే రోజు) పోత. డ్రాగ్ స్ట్రిప్ (తిన్నగ ఉరికిచ్చే రేసు) నాకు పెద్దగ ఇష్టం లేదు.

అన్నీ మార్చాల్నా? లోయర్ ఆర్మ్‌లు ఒక్కటే మారిస్తే సరిపోతదా? పాలీయురెథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) బుష్‌లు మంచియా, స్ఫెరికల్ మంచియా? ఇంటి గ్యారేజ్‌ల చేస్కునే పనేనా? తెలిసినోళ్లు చెప్పండి.

శ్రీధర్_ఎడిసన్

కార్తీక్ గారు, న్యూజెర్సీ నుంచి ఒక మాట. నా 2011 జీటీకి కింద రెండు ఆర్మ్‌లూ రెండు చివర్లా రాడ్ ఎండ్‌లు (స్ఫెరికల్ జాయింట్లే) ఉన్నవి వేయించాను. మొదటి వేసవి అద్భుతం. రెండు చలికాలాలు ఉప్పు రోడ్ల మీద తిరిగాక జాయింట్లలో ఆట మొదలైంది, ప్రతి గతుకుకీ గలగల. మీ టెక్సస్‌లో అంత ఉప్పు చల్లరు కాబట్టి మీకు ఎక్కువకాలం రావచ్చు. కానీ రోజూ నడిపే బండి అంటున్నారు, మెటల్ జాయింట్ అరిగే వస్తువని గుర్తుపెట్టుకుని కొనండి. జాయింటు ఒక్కటే విడిగా మార్చుకునే వీలున్న ఆర్మ్ తీసుకోండి.

ఆటోనగర్_మేస్త్రి

కార్తీక్ గారూ, అడ్వాన్సు కట్టకపోతే ఆగండి. ఆ లిస్టులో మీకు కావలసినవి ఉన్నాయి, అక్కర్లేనివి ఉన్నాయి. ఒకటి మాత్రం పాప కూర్చునే బండిలో నేనైతే వేయను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి షెడ్డులో లారీ హౌసింగుల కింద పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు ఫోర్ట్ వర్త్ వైపు సస్పెన్షన్, అలైన్‌మెంట్ పనే చేస్తున్నాను. 2005 నుంచి 2014 దాకా వచ్చిన మస్టాంగ్ వెనక భాగం నాకు కొత్తగా ఏం అనిపించదు. లారీలో లాగే రెండు చక్రాల్నీ కలిపే ఒకే హౌసింగు, మధ్యలో డిఫరెన్షియల్, దాని గేర్లు క్రౌను, పినియను. లారీలో అయితే బరువు మోయడం, హౌసింగుని చోటులో పట్టుకోవడం రెండూ కమాన్ కట్టలే చేస్తాయి. మస్టాంగ్‌లో కాయిల్ స్ప్రింగు హౌసింగు మీదే కూర్చుని బరువు ఒక్కటే మోస్తుంది. పట్టుకునే పని నాలుగు కడ్డీలది: కింద చెరో పక్క ఒక లోయర్ ఆర్మ్, డిఫరెన్షియల్ నెత్తిన ఒక అప్పర్ ఆర్మ్, హౌసింగు పక్కలకి జరక్కుండా అడ్డంగా ప్యాన్‌హార్డ్ రాడ్డు. దేనికి ఏ పనో తెలిస్తే డబ్బు దేనిమీద పెట్టాలో తెలుస్తుంది.

మీరు తొక్కినప్పుడు చక్రాలు ముందుకి తిరుగుతాయి, హౌసింగు వెనక్కి తిరగాలని చూస్తుంది. పినియను ముక్కు పైకి లేస్తుంది. దాన్ని పై ఆర్మ్ లాగి పడుతుంది, కింది ఆర్మ్‌లు రెండూ బాడీని ముందుకి నెడతాయి. ఈ ఆర్మ్‌ల చివర్లలో ఉన్నవి రబ్బరు బుష్‌లు. అవి మెత్తబడినా పగిలినా బలం పడగానే నొక్కుకుపోతాయి, హౌసింగు కాస్త తిరుగుతుంది, టైరు పట్టు వదిలి జారుతుంది. జారగానే బలం తగ్గి బుష్ వెనక్కి తంతుంది, టైరు మళ్లీ పట్టుకుంటుంది. ఒక్క సెకనులోనే ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. మీకు సీటు కింద తగిలే దెబ్బలు అవే. దాన్ని అలాగే తొక్కుకుంటూ పోతే యాక్సిల్ షాఫ్టో, క్రౌను పళ్లో, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటో విరిగిపోతుంది. కాబట్టి సరిచేసేదాకా, హాప్ మొదలైన క్షణమే కాలు తీసేయండి.

బుష్ ఒక్కటే కారణమైతే ఆర్మ్‌లు మార్చేసి ఊరుకోవచ్చు. మీది దించిన బండి, అసలు సంగతి అక్కడుంది.

బండిని పక్కనుంచి చూస్తున్నట్టు ఊహించుకోండి. లోయర్ ఆర్మ్ ముందు చివర బాడీకి, వెనక చివర హౌసింగుకి. స్ప్రింగు పొట్టిదైతే బాడీ కిందికి దిగుతుంది, హౌసింగు మాత్రం టైరు ఎత్తులోనే ఉంటుంది. అంటే ఆర్మ్ ముందు చివర దిగింది, వెనక చివర అక్కడే ఉంది. దాదాపు సమంగా ఉండాల్సిన ఆర్మ్ వెనక్కి పోతున్నకొద్దీ పైకి లేచి ఉంటుంది. ఇప్పుడు మీరు తొక్కినప్పుడు ఆ ఆర్మ్ నెట్టే బలంలో కొంత బాడీని కిందికే లాగుతుంది. బండి వెనక కూలబడుతుంది, టైరుని నేలకి అదిమే సాయం తగ్గుతుంది. ఆ సాయాన్నే యాంటీ స్క్వాట్ అంటారు. అది తగ్గిపోయిన బండికి ఎంత ఖరీదైన ఆర్మ్ వేసినా, అదే వాలులో వేస్తే హాప్ తగ్గుతుంది గానీ పోదు. ఆర్మ్ గట్టిదనం కంటే దాని వాలు ముఖ్యం. నా దగ్గరికి వచ్చే దించిన మస్టాంగ్‌లలో ఎక్కువమంది వదిలేసేది ఇదే, ఎందుకంటే బ్రాకెట్ చూడ్డానికి ఏం బాగోదు, రంగురంగుల ఆర్మ్ బాగుంటుంది.

రీలొకేషన్ బ్రాకెట్ హౌసింగు దగ్గర ఆర్మ్ వెనక చివరని కిందికి దించుతుంది. ఒకదాని కింద ఒకటి రెండు మూడు రంధ్రాలు ఉంటాయి. కింది రంధ్రం వాడితే లాంచ్, అంటే ఆగినచోటి నుంచి దూకడం, ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని అందరూ అక్కడికే వెళ్తారు. ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ లాంటి చోట, జిగురు పట్టిన స్ట్రిప్ మీద, తిన్నగా మాత్రమే పోయేవాళ్లకి అది సరే. మీరు క్రెసన్‌లో మలుపులు తిరిగేవాళ్లు. ఆర్మ్ వెనక చివర మరీ కిందికి ఉంటే, మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటి చక్రం వెనక్కి, లోపలి చక్రం ముందుకి జరుగుతాయి. హౌసింగు మొత్తం తిరిగి బండి తోక బయటికి విసిరే వైపు స్టీర్ అవుతుంది. పైగా గట్టిగా బ్రేకు వేస్తే ఈసారి బ్రేకు మీద హాప్ మొదలవుతుంది. కాబట్టి మీకు ఆర్మ్ సమంగానో, వెనక చివర కొద్దిగా కిందికో ఉంటే చాలు.

ఇక బుష్ సంగతి. ఇది ఓపిగ్గా చదవండి.

ఒకపక్క చక్రం గతుకు ఎక్కి రెండోది ఎక్కకపోతే హౌసింగు మొత్తం ఒరుగుతుంది. అప్పుడు లోయర్ ఆర్మ్‌ని మెలిపెట్టే బలం వస్తుంది. ఫ్యాక్టరీ ఆర్మ్ రేకుతో ఒత్తిన కాలువ ఆకారం, కొంచెం మెలిక ఇస్తుంది. రబ్బరు బుష్ కూడా ఇస్తుంది. బాక్సు కట్టిన గట్టి ఆర్మ్ తెచ్చి రెండు చివర్లా పాలీ బుష్‌లు వేశారనుకోండి, ఎటూ మెలిక తిరగదు. ఆ రెండు ఆర్మ్‌లూ కలిసి, మీరు అడగని, బాడీ ఒరగకుండా ఆపే ఒక యాంటీ రోల్ బార్‌గా పనిచేస్తాయి. వెనక గట్టిబడి మలుపులో లోపలి టైరు తేలుతుంది, బండి చెప్పాపెట్టకుండా తోక విసురుతుంది. తిన్నగా లాంచ్ చేసేటప్పుడు ఇది తెలియదు, ట్రాక్ మీద తెలుస్తుంది. పాలీ చెడ్డ పదార్థం కాదు, దాన్ని రెండు చివర్లా పెట్టడం మీలాంటి వాడకానికి చెడ్డది.

నా సలహా: పొడవు మారని బాక్సు ఆర్మ్, హౌసింగు వైపు స్ఫెరికల్, బాడీ వైపు పాలీ. మెలిక స్ఫెరికల్ ఇస్తుంది. దాని శబ్దం బాడీలోకి రాకుండా పాలీ కొంత ఆపుతుంది. శ్రీధర్ గారు చెప్పినట్టు జాయింటు విడిగా మార్చుకునేదే చూడండి. శబ్దం బొత్తిగా వద్దంటే రెండు చివర్లా గట్టి రబ్బరు ఉన్నవీ దొరుకుతాయి, అవి తీసుకున్నా నేను కాదనను.

పొడవు మారే లోయర్ ఆర్మ్‌లు మీకు అక్కర్లేదు. రెండిటి పొడవు ఒక్క సూత్తు (అంగుళంలో ఎనిమిదో వంతు) తేడా వచ్చినా హౌసింగు వంకరగా కూర్చుంటుంది, బండి పక్కచూపు చూస్తూ నడుస్తుంది. హౌసింగు వంకర ఉందని అలైన్‌మెంట్ కాగితంలో థ్రస్ట్ యాంగిల్ (వెనక చక్రాలు ఎటు చూస్తున్నాయో చెప్పే కోణం) చెప్తే అప్పుడు వాటి గురించి ఆలోచించండి.

ఇక నేను వేయనన్నది స్ఫెరికల్ అప్పర్ ఆర్మ్. ఆ ఆర్మ్ ముందు చివర ఉండే మౌంట్ సరిగ్గా వెనక సీటు కింద ఉంటుంది. దాన్ని విప్పాలంటే సీటు తీయాల్సిందే. మధ్యలో రబ్బరు లేకపోతే క్రౌను, పినియను అరుపు తిన్నగా ఆ రేకులోకి వెళ్తుంది. హైవే మీద గంటసేపు ఆ గుంయ్ శబ్దం మీ పాప చెవి పక్కనే ఉంటుంది. ట్రాక్‌కి ట్రెయిలర్ మీద వెళ్లే బండికి వేస్తాను, మీ బండికి వేయను. పై బుష్ చిరిగిపోయి ఉంటే రబ్బరుదే కొత్తది వేయండి. పాత సామాను కొనేటట్టయితే ఒకటి చూసుకోండి, 2010 దాకా వచ్చిన బండి అప్పర్ ఆర్మ్ వేరు, 2011 నుంచి వచ్చినది వేరు.

ఏదైనా కొనే ముందు ఇవి చూసి ఇక్కడ రాయండి. చదునైన సిమెంటు నేల మీద, బరువంతా చక్రాల మీదే ఉండగా, లోయర్ ఆర్మ్ ముందు బోల్టు, వెనక బోల్టు నడిమధ్యలు నేల నుంచి ఎంత ఎత్తో రెండు పక్కలా కొలవండి. ప్రై బార్ (ఎత్తి కదిపే ఇనప కడ్డీ) పెట్టి ఒక్కో బుష్‌నీ కదిపి పగుళ్లు చూడండి. వెనక ఫెండర్ అంచు నుంచి నట్టు కట్టిన దారం వేలాడదీసి రిమ్ముకి ఎంత దూరమో రెండు పక్కలా చూడండి. టైరు గోడ మీద డాట్ అని ఉన్నచోట చివరి 4 అంకెలు కూడా రాయండి.

కార్తీక్_ఫ్రిస్కో

అన్నా, ఇంత వివరంగ రాసినందుకు చాలా థ్యాంక్స్. ఎవరూ వాలు గురించి చెప్పలే నాకు.

కొలిచిన. వెనక బోల్టు ముందు బోల్టు కంటే ముప్పావు అంగుళం పైకి ఉంది, రెండు దిక్కులా అంతే. మీరు చెప్పినట్టే వెనక్కి పోతుంటే పైకి లేసి ఉంది. కుడి పక్క లోయర్ ఆర్మ్‌కు బాడీ వైపు బుష్ సగం దాకా పగిలింది, బార్ పెట్టి లేపితే నోరు తెరుస్తుంది. ఎడమది సన్న పగుళ్లు. పై బుష్ చూస్తే నాకైతే మంచిగనే కనపడ్డది. దారం కొలత: ఎడమ పక్క, కుడి పక్కకు 12 మిల్లీమీటర్ల తేడా. టైర్ల మీద 1816 అని ఉంది. షాకర్ల మీద ఆయిల్ మరకలు లేవు.

ఆటోనగర్_మేస్త్రి

1816 అంటే 2016లో 18వ వారంలో తయారైన టైరు. కార్తీక్ గారూ, మొదట టైర్లు మార్చండి. ట్రెడ్ ఎంత ఉన్నా సరే. టెక్సస్ ఎండకి అన్నేళ్లు ఎండిన రబ్బరు గట్టిబడి, పట్టు ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా వదిలేస్తుంది. హాప్‌కి అంతకంటే అనువైనది లేదు. పైగా ఆ టైర్ల మీద మీ కుటుంబం వెళ్తోంది. ఆర్మ్‌లు వచ్చే నెలకి వాయిదా వేసైనా టైర్లు ఈ వారమే వేయించండి.

తర్వాత లోయర్ ఆర్మ్‌లు, బ్రాకెట్లు కలిపే వేయండి. పగిలిన కుడి బుష్ మీ "టక్" శబ్దానికి కారణం కావచ్చు. బ్రాకెట్లో పై రంధ్రం వాడండి. వేశాక మళ్లీ కొలవండి, వెనక బోల్టు ముందుదానికి సమంగానో, కాస్త కిందికో వచ్చిందంటే చాలు, ఇంకో రంధ్రం జోలికి పోకండి.

ఇంటి దగ్గర చేసుకోవచ్చు. ఒక హెచ్చరిక: మీరు వీడియోలు వెతికితే 2004 దాకా వచ్చిన మస్టాంగ్‌ల మీద తీసినవి చాలా కనపడతాయి. వాటిలో వెనక స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీదే కూర్చుంటుంది, ఆర్మ్ విప్పితే స్ప్రింగు ఎగురుతుంది. మీ బండిలో స్ప్రింగు హౌసింగు మీద ఉంది కాబట్టి ఆ భయం లేదు. అవి చూసి ఇది చేయకండి.

ముందు చక్రాలకి రెండు పక్కలా ఆపు పెట్టండి. వెనక చక్రాలు ర్యాంపుల మీద ఎక్కించి చేస్తే మంచిది, బరువు చక్రాల మీదే ఉంటుంది. ర్యాంపులు లేకపోతే హౌసింగు గొట్టాల కింద రెండు స్టాండ్లు పెట్టండి, బాడీ కింద కాదు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరొద్దు. ఒక పక్క ఆర్మ్ పూర్తిగా బిగించాకే రెండో పక్కది విప్పండి. రెండూ ఒకేసారి విప్పితే హౌసింగు పై ఆర్మ్ చుట్టూ తిరిగి రంధ్రాలు ఎక్కడికో పోతాయి. ఒక్కటే విప్పినా కొద్దిగా జరుగుతుంది, బోల్టుని సుత్తితో కొట్టి దూర్చకండి. రాచెట్ స్ట్రాప్ ఒకటి హౌసింగుకి కట్టి ముందుకో వెనక్కో లాగితే, పినియను ముక్కు కింద చిన్న జాకీ ఆన్చి అటూ ఇటూ చేస్తే, బోల్టు వేలితో తోస్తే వెళ్తుంది.

పాలీ బుష్‌కి వాళ్లు ఇచ్చే జిగట గ్రీజే వాడండి, స్లీవు చుట్టూ లోపలా బయటా. చేతికి దొరికిన మామూలు గ్రీజు కొన్నాళ్లకి కిందికి కారిపోయి కిరకిరలాడుతుంది. గ్రీజు నిపిల్ ఉన్న ఆర్మ్ దొరికితే పది డాలర్లు ఎక్కువైనా తీసుకోండి.

రబ్బరు బుష్ ఎక్కడున్నా, దాని బోల్టు చివరి బిగింపు బండి తన ఎత్తులో నిలబడి ఉండగానే ఇవ్వాలి. రబ్బరు స్లీవుకి అంటుకుని ఉంటుంది, తిరగదు, మెలిపడుతుంది. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బండి కిందికి దించినప్పుడు ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. ఎత్తు తప్పు చూపిస్తుంది, త్వరగా చిరుగుతుంది. మీరు పై ఆర్మ్ ముట్టుకోవడం లేదు కాబట్టి సరే, కానీ రేపు షాకర్లు మార్చేటప్పుడు ఎవరైనా దాని బోల్టు వదులు చేస్తే ఇది గుర్తు చేయండి. టార్క్ ఎంతో మీ సంవత్సరం సర్వీస్ మాన్యువల్ చూసి, టార్క్ రెంచితోనే బిగించండి. ఎయిర్ గన్నుతో "చాల్లే" అనుకోవడం ఈ బోల్టులకి పనికిరాదు. బ్రాకెట్ బోల్టుతో బిగించే రకమైతే అది జరిగిపోయే అవకాశం ఉంది. బిగించాక నట్టు మీదా బ్రాకెట్ మీదా కలిపి తెల్ల పెయింట్ గీత ఒకటి గీయండి. ఒక వంద మైళ్లు నడిపాక మళ్లీ కిందికి దూరి గీత కలిసే ఉందా చూడండి. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి ఏటా జరిగే సేఫ్టీ తనిఖీ తీసేశారు. ఇక ఆ బోల్టులు చూసే మనిషి మీరొక్కరే.

ప్యాన్‌హార్డ్ సంగతి: 12 మిల్లీమీటర్ల తేడా అంటే హౌసింగు జరిగింది అందులో సగం, 6 మిల్లీమీటర్లు. ఒక పక్క 6 పెరిగి ఇంకో పక్క 6 తగ్గింది. దించిన బండిలో ఆ రాడ్డు వాలు తగ్గి హౌసింగుని పక్కకి నెడుతుంది, మామూలే. దీనివల్ల హాప్ రాదు. వెడల్పు టైర్లు వేసుకుంటే ఒక పక్క ఫెండరుకి రాసుకుంటుందేమో చూసుకుని, డబ్బు కుదిరినప్పుడు పొడవు మారే రాడ్డు వేయండి. అంతకంటే ముందు షాకర్లు. ఆయిల్ కారకపోయినా, ఆ పొట్టి గట్టి స్ప్రింగు ఎగిరే ఊపుని ఫ్యాక్టరీ షాకర్ పట్టలేదు.

హైటెక్‌సిటీ_వీ8

మేస్త్రి గారూ, హైదరాబాద్ నుంచి. ఇక్కడ కొన్న 2018 జీటీ నాది, ఆటోమేటిక్. నాకూ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే వెనక కొట్టుకుంటుంది. ఇదే బ్రాకెట్, ఇవే ఆర్మ్‌లు తెప్పించుకోవచ్చా?

ఆటోనగర్_మేస్త్రి

వద్దండీ, ఒక్కటి కూడా మీ బండికి ఎక్కదు. 2015 మోడల్ నుంచి మస్టాంగ్ వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్. ఇండియాలో 2016 నుంచి అమ్మినవన్నీ అవే. మీ బండిలో డిఫరెన్షియల్ చట్రం లాంటి ఒక క్రెడిల్‌కి బిగించి ఉంటుంది, ఆ క్రెడిల్ బాడీకి నాలుగు పెద్ద బుష్‌ల మీద కూర్చుంటుంది. హాప్ వచ్చేటప్పుడు మొదట కదిలేది ఆ క్రెడిలే. దాని బుష్‌లు కదలకుండా ఆపే లాకౌట్ కిట్ చవకది, మొదట దాంతో మొదలుపెట్టండి. తర్వాత నిలువుగా ఉండే చిన్న వర్టికల్ లింకులు. ఆ తర్వాతే టో లింకులు, ఆర్మ్‌లు. కార్తీక్ గారి బండిలో వెనక చక్రాల టో (ముందుకి చూసే కోణం), క్యాంబర్ (నిలువు వాలు) మార్చేదేం ఉండదు. మీ బండిలో ఆర్మ్ ముట్టుకుంటే రెండూ మారతాయి, కాబట్టి వెనక అలైన్‌మెంట్ చేయగల చోటు చూసుకునే విప్పండి. తడి రోడ్డు మీదే వస్తోందంటున్నారు కాబట్టి మీరూ టైరు తేదీ చూడండి.

కార్తీక్_ఫ్రిస్కో

అన్నా, అప్‌డేట్. మొదట టైర్లు వేయించిన. దాంతోనే సగం తగ్గింది, నిజంగ. తర్వాత ఆర్మ్‌లు, బ్రాకెట్లు మా గ్యారేజ్‌ల చేసిన, మా తమ్ముడు సాయం వచ్చిండు. స్ట్రాప్ ఉపాయం లేకపోతే కుడి పక్క బోల్టు ఎక్కేదే కాదు. పై రంధ్రం వాడిన, ఇప్పుడు వెనక బోల్టు ముందుదాని కంటే అర అంగుళం కిందికుంది. గీతలు చూసిన, జరగలే.

సెకండ్ గేర్‌ల ఇప్పుడు టైరు జారితే జారుతుంది, ఎగరట్లే. ఆ "టక్" కూడా లేదు. 60 మైళ్ల దగ్గర కాలు తేలికగ పెట్టినప్పుడు సన్నగ డిఫరెన్షియల్ గుంయ్‌మని ఇనిపిస్తుంది, ఇంతకుముందు లేకుండె. మా ఆవిడకు ఇనిపించలే, పాప పడుకునే ఉంది. ఆ శబ్దం మంచిదేనా? అది పినియన్ యాంగిల్ (పినియను, ప్రొపెల్లర్ షాఫ్టు మధ్య వాలు) తప్పితే వచ్చేదా?

ఆటోనగర్_మేస్త్రి

చాలా సంతోషం కార్తీక్ గారూ. అర అంగుళం మంచి చోటు, అక్కడే ఉంచండి.

శబ్దానికి, వణుకుకి తేడా చూడండి. పినియన్ యాంగిల్ తప్పితే వచ్చేది వణుకు. సీటులో, నేలలో తెలుస్తుంది, వేగంతో పెరుగుతుంది, కాలు తీసినా ఆ వేగంలో ఉన్నంతసేపూ ఏదో రూపంలో ఉంటుంది. మీరు చెప్పేది కాలు తేలికగా ఉన్నప్పుడే వచ్చే సన్నటి అరుపు. అది గేర్ల శబ్దం, ఇంతకుముందు మెత్తటి రబ్బరు మింగేసేది, ఇప్పుడు స్ఫెరికల్ కొంచెం దాటిస్తోంది. పెరగనంతవరకూ పరవాలేదు. ఒకసారి డిఫరెన్షియల్ ఆయిల్ మట్టం చూడండి, ఎన్నాళ్లకి మార్చారో తెలియదు కాబట్టి మార్చేయండి.

మనసులో అనుమానం ఉంటే డిజిటల్ యాంగిల్ గేజి ఒకటి కొనండి, ముప్పై డాలర్లలోపే. బరువు చక్రాల మీద ఉండగా ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఒకసారి, పినియను ఫ్లాంజి మీద ఒకసారి పెట్టి రెండు అంకెలూ, ఏది ఎటు వాలిందో కూడా ఇక్కడ రాయండి, చూసి చెప్తాను. క్రెసన్ వెళ్లే ముందు రోజు గీతలు మళ్లీ ఒకసారి చూడండి. వచ్చాక కూడా.